నరాలు, హార్మోన్లు: ఒంట్లో ఎవరి మాట ఎవరు వింటారు? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది హిందూపురం వైపు. పదకొండేళ్లుగా బెంగళూరులో, కేఆర్ పురంలో ఉంటున్నాం. సాయంత్రం పూట ఇంట్లోనే బయాలజీ ట్యూషన్ చెప్తా, వచ్చేది ఎక్కువ మన తెలుగువాళ్ల పిల్లలే. పిల్లలు పరీక్షకి వచ్చే ప్రశ్నలే అడుగుతారు, అసలు ప్రశ్నలన్నీ వాళ్లని తీసుకెళ్లడానికి వచ్చే అమ్మలు, తాతయ్యలు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడుగుతారు. చెప్పిందే చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇవన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను టీచర్‌ని, డాక్టర్‌ని కాదు, మందుల డోసు మాత్రం నన్ను అడగొద్దు.

నరం, నాడి రెండూ ఒకటేనా? చేతి మీద పచ్చగా ఉబ్బి కనిపించేవి నరాలే కదా?

కాదండీ, గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. పచ్చగా కనిపించేవి సిరలు, అంటే రక్తం గుండెకి తిరిగెళ్లే గొట్టాలు. నర్సు "నరం దొరకట్లేదు" అని చెయ్యి తట్టి తట్టి వెతికేది కూడా సిర కోసమే. డాక్టరు మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే వేళ్ల కింద కొట్టుకునేది ధమని. రాత్రి నిద్రలో పిక్క బిగుసుకుపోయి "నరం మీద నరం ఎక్కింది" అని అరుస్తాం చూడండి, అది కండరం పట్టేయడం, అక్కడ ఏ నరమూ దేని మీదా ఎక్కదు. ఒంట్లో తాడులా ఏది కనిపించినా నరం అనేయడం మనకి అలవాటు.

అసలు నరం మామూలుగా పైకి కనిపించదు, తెల్లగా దారాల కట్టలా ఉంటుంది, దాన్లో పారేది రక్తం కాదు, కబురు. పిరుదుల నుంచి కాలికి దిగే సయాటిక్ నరం దాదాపు బొటనవేలంత మందం ఉంటుంది. మోచెయ్యి గోడకి తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమంటుంది కదా, అదీ నిజమైన నరం, అల్నార్ నరం అంటారు, అక్కడ చర్మం కిందే ఎముకని ఆనుకుని ఉంటుంది కాబట్టి దెబ్బకి దొరికిపోతుంది.

ఒంటిని కంట్రోల్ చేసేది నరాలా, హార్మోన్లా? రెండెందుకు అసలు?

మా అపార్ట్‌మెంట్ లెక్కలో చెప్తా. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఇంటర్‌కామ్ కొడితే ఆ ఒక్క ఫ్లాట్లోనే మోగుతుంది, వెంటనే మోగుతుంది, పెట్టేస్తే అయిపోయింది. నరం పని అట్లాంటిది. అదే "ఈరోజు ట్యాంకర్ రాలేదు, నీళ్లు చూసి వాడుకోండి" అని గ్రూపులో మెసేజ్ పెడితే అన్ని ఇళ్లకీ పోతుంది, చేరడానికి టైమ్ పడుతుంది, కానీ దాని ప్రభావం సాయంత్రం దాకా ఉంటుంది. హార్మోన్, అంటే గ్రంథి రక్తంలోకి వదిలే రసాయనం, అట్లాంటిది. రక్తంలో పడిందంటే తల నుంచి కాలిగోరు దాకా అంతటా తిరుగుతుంది, అయితే దాన్ని అందుకునే రిసెప్టార్ ఉన్న కణమే వింటుంది, మిగతావాటికి అది వచ్చి పోయిన సంగతే తెలీదు.

స్కూల్లో వీటిని రెండు చాప్టర్లు చేసి చెప్తారు, నాకు నచ్చనిది అదే. ఎందుకంటే ఆ గోడ పుస్తకంలోనే ఉంది, ఒంట్లో లేదు. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులున్నాయి కదా, వాటి లోపలి భాగానికి నరం నేరుగా వచ్చి తగులుతుంది, నరం మీటితే అక్కడి నుంచి అడ్రినలిన్ రక్తంలో పడుతుంది. మెదడు కింద వేలాడే పీయూష గ్రంథి వెనక భాగమైతే ఇంకా విచిత్రం, అక్కడ హార్మోన్ వదిలేది మెదడులో దానికి పైనే ఉండే హైపోథాలమస్ అనే భాగం నుంచి దిగిన నాడీకణాల (అంటే నరాల కణాలు, మణికట్టు నాడి కాదు) కొసలే. ఇప్పుడు చెప్పండి, అది నరమా, గ్రంథా?

నరంలో నిజంగా కరెంటు పారుతుందా?

పారుతుంది కానీ మన ఇంటి వైర్లో పారినట్టు కాదు. ఊరికే ఉన్న నాడీకణం లోపలి వైపు బయటి కంటే సుమారు 70 మిల్లీవోల్టులు మైనస్‌లో ఉంటుంది. కబురు రాగానే పొరలో సోడియం తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి తోసుకొస్తుంది, ఆ కాసింత చోటు ప్లస్ అవుతుంది, అది చూసి పక్క తలుపులు తెరుచుకుంటాయి, వాటిని చూసి ఆ పక్కవి, ఇట్లా అల పోతుంది. వెనకాలే పొటాషియం బయటికి వెళ్లి మళ్లీ మామూలు చేస్తుంది. స్క్విడ్ అనే సముద్రజీవికి పెన్సిల్ ముల్లంత లావు నాడీ తంతువు ఉంటుంది, హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాని మీదే ఇదంతా కొలిచి 1952లో లెక్కలతో సహా చూపించారు, 1963లో నోబెల్ వచ్చింది. పళ్ల డాక్టరు మొద్దుబారడానికి వేసే ఇంజెక్షన్ చేసేది కూడా ఇదే, ఆ సోడియం తలుపుల్ని కాసేపు మూసి పెడుతుంది. నొప్పి పంటి దగ్గర పుడుతూనే ఉంటుంది, పైకి కబురు పోదు, అంతే.

ఇంకో మాట. వచ్చిన సోడియంని మళ్లీ బయటికి తోడే పంపు రాత్రీపగలూ ఆగదు, మూడు సోడియంలని బయటికి తోసి రెండు పొటాషియంలని లోపలికి లాగుతుంది, దానికి పెట్రోలు ఏటీపీ. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నా ఒంటి ఖర్చులో 20 శాతం దాకా తినేది చాలావరకు ఈ పంపుల బిల్లు వల్లే. ఆ ఏటీపీని 1920ల చివర్లో కండరాల నుంచి వేరుచేసిన తొలి మనుషుల్లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారొకరు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి చేశారు. మా పిల్లలకి ఏటీపీ తెలుసు, ఆయన తెలీదు. ఇది నా ఏడుపు, వదిలేయండి.

పెనం తగిలితే "అమ్మా" అనకముందే చెయ్యి ఎట్లా వెనక్కొస్తుంది?

ఆ నిర్ణయం మెదడు తీసుకోదు కాబట్టి. వేలి నుంచి కబురు వెన్నుపాముకి చేరగానే అక్కడే తిరుగుటపా అయిపోతుంది, చెయ్యి కండరాలకి "లాగు" అని ఆర్డర్ పోతుంది. మెదడుకి పంపేది సమాచారం కాపీ మాత్రమే. దీన్నే అసంకల్పిత ప్రతీకార చర్య, ఇంగ్లీషులో రిఫ్లెక్స్ అంటారు.

ఈసారి దోసె పెనం అంచు తగిలినప్పుడు గమనించండి (కావాలని తగిలించుకోకండి!). ముందు చురుక్కుమంటుంది, చెయ్యి లాగేస్తాం, ఆ తర్వాత కాసేపటికి మంట మొదలై అక్కడే కూర్చుంటుంది. అవి రెండు వేరే వేరే వైర్లు. చురుకుని తెచ్చేవి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉన్న సన్న తంతువులు, మంటని తెచ్చేవి తొడుగు లేనివి, సెకనుకి మీటరు అటూఇటూ, అంటే మనం నడిచే స్పీడు. ఒంట్లో అన్నిటికంటే వేగంగా పోయే తంతువులు సెకనుకి 120 మీటర్ల దాకా పోతాయి, గంటకి 430 కిలోమీటర్ల పైమాటే. ఒకే ఒంట్లో రెండూ ఉన్నాయి, మెట్రోకీ అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌కీ ఉన్నంత తేడా.

ఒక నరం నుంచి ఇంకో దానికి కబురు ఎట్లా దూకుతుంది?

రెండు కణాల మధ్య సన్న ఖాళీ ఉంటుంది, ఎక్కువ చోట్ల కరెంటు దాన్ని దాటలేదు, రసాయనం చల్లాల్సిందే. ఇది తేలిన కథ నాకు మహా ఇష్టం. ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్తకి ఒక రాత్రి కలలో ప్రయోగం తట్టింది, లేచి కాగితం మీద గీకి పడుకున్నాడు, పొద్దున్నే చూస్తే తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాడు రాత్రి మళ్లీ అదే కల, ఈసారి రిస్క్ తీసుకోకుండా నేరుగా ల్యాబ్‌కి పోయాడు. రెండు కప్ప గుండెలు తీసుకుని, ఒకదానికి వేగస్ నరాన్ని (మెదడు నుంచి గుండెకి దిగేది) మీటి కొట్టుకోవడం నెమ్మది చేసి, ఆ గుండె ఉన్న నీళ్లు తీసి రెండో గుండెకి పోశాడు, నరం తగలకుండానే అదీ నెమ్మదించింది. 1921లో వచ్చిన ఈ ప్రయోగానికి 1936లో నోబెల్. ఆ నీళ్లలో ఉన్నది అసిటైల్‌కోలిన్.

మన కండరాలు కదిలేదీ దాంతోనే. కట్లపాము విషం పట్టుకునేది కూడా సరిగ్గా అక్కడే, నరం కండరాన్ని తాకే చోట. అందుకే కాటు దగ్గర వాపూ నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు, నేల మీద పడుకున్న మనిషికి కరిచిన సంగతే తెలీకపోవచ్చు, పొద్దున రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి కండరాలు ఆగిపోతాయి. మంత్రం దగ్గర అరగంట పోగొట్టుకోకుండా ఊపిరి మిషన్ ఉన్న ఆసుపత్రికి పరుగెత్తమని ఊళ్లో అందరికీ చెప్పండి.

సిల్క్ బోర్డ్ దగ్గర బస్సు సడన్‌గా అడ్డమొచ్చింది, బ్రేక్ వేశా, ఏమీ కాలేదు, మరి పది నిమిషాలు చేతులు ఎందుకు వణికాయి?

ఇంటర్‌కామ్, గ్రూప్ మెసేజ్ రెండూ ఒకేసారి వెళ్లాయి కాబట్టి. బ్రేక్ మీద కాలు పడింది నరం పని. అదే క్షణంలో సింపథెటిక్ నరాలు, అంటే ఆపదలో ఒంటిని సిద్ధం చేసే నరాలు, గుండెని దడదడలాడించి, కంటిపాప పెద్దది చేసి, పేగుల పని ఆపించి, అడ్రినల్ గ్రంథిని కూడా మీటాయి. బస్సు పోయింది, నరం ఊరుకుంది, కానీ రక్తంలో పడ్డ అడ్రినలిన్‌ని వెనక్కి పిలవలేం కదా, అది కొన్ని నిమిషాలకి సగం, ఇంకొన్ని నిమిషాలకి అందులో సగం అయ్యేదాకా చేతులు వణుకుతాయి, నోరు ఎండుతుంది. మీకు భయం ఎక్కువని కాదు. పక్కన ఆపి కాసేపు నెమ్మదిగా, ముఖ్యంగా వదిలే ఊపిరి పొడుగ్గా వదలండి, ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం గుండెకి కళ్లెం వేస్తుంది.

పీయూష గ్రంథే అన్నిటికీ బాసు అంటారు, నిజమేనా?

శనగగింజంత ఉంటుంది, అర గ్రాము. థైరాయిడ్‌కి, అడ్రినల్‌కి, అండాశయానికి, వృషణాలకి ఆర్డర్లు వేస్తుంది నిజమే, కానీ దాని పైన హైపోథాలమస్ ఉంది, హైపోథాలమస్ మళ్లీ కింద రక్తంలో ఏది ఎంతుందో చూసి గానీ మాట్లాడదు. బాసు అనే మాటే ఇక్కడ సరిపోదు. మేడ మీద ట్యాంకుకి సెన్సర్ పెట్టించారా మీ ఇంట్లో? నీళ్లు తగ్గితే మోటర్ ఆన్, నిండితే ఆఫ్. అక్కడ బాసు ఎవరు, మోటరా, ట్యాంకా? ఎవరూ కాదు, నీటి మట్టమే మోటర్‌ని ఆపుతుంది. ఒంట్లో చాలా హార్మోన్లు ఈ పద్ధతిలోనే నడుస్తాయి, ఇది పట్టుకుంటే తర్వాతి ప్రశ్న దానంతటదే విడిపోతుంది.

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువొచ్చింది, అంటే థైరాయిడ్ ఎక్కువైనట్టేనా?

నన్ను అందరికంటే ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఇది, మా ఇంట్లోనే మొదలైంది. మా అమ్మ మా దగ్గరికొచ్చినప్పుడు నీరసం, ఒళ్లు బరువు, బెంగళూరు చలికి మూడు దుప్పట్లు అంటుంటే టెస్ట్ చేయించాం, టీఎస్‌హెచ్ 11 వచ్చింది. పక్కన మామూలు రేంజ్ సుమారు 0.4 నుంచి 4 దాకా అని ఉంది. నాన్న ఆ కాగితం పట్టుకుని హిందూపురంలో చుట్టాలందరికీ ఫోన్లు, "మీ వదినకి థైరాయిడ్ ఎక్కువైందంట, పద్ధతిగా తగ్గించాలంట" అని.

ఉల్టా అది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ చేసే హార్మోన్ కాదు, థైరాయిడ్‌ని "చెయ్యి, చెయ్యి" అని పీయూష గ్రంథి తరిమే హార్మోన్. అది మోటర్, థైరాయిడ్ చేసే టీ4 (థైరాక్సిన్ అన్నా అదే) నీళ్లు. మోటర్ పొద్దుట్నుంచీ ఆగకుండా నడుస్తోందంటే ట్యాంకు పొంగుతోందని కాదు, నిండట్లేదని. అమ్మ థైరాయిడ్ సరిగా పని చెయ్యట్లేదు కాబట్టి పైనుంచి అరుపు పెరిగింది. అదే టీఎస్‌హెచ్ మరీ అడుగుకి పడిపోయి టీ4 ఎక్కువుంటే థైరాయిడ్ నిజంగా ఎక్కువ పని చేస్తున్నట్టు. గ్రేవ్స్ జబ్బులో మన ఒంటి యాంటీబాడీలే టీఎస్‌హెచ్ వేషం వేసి థైరాయిడ్‌ని తరుముతాయి. పక్కింటాయన మన ట్యాంకులోకి తన పైపు పెట్టి వదిలినట్టు, మన మోటర్ ఆగిపోయినా నీళ్లు పొంగుతూనే ఉంటాయి.

సరే, అమ్మకి థైరాక్సిన్ టాబ్లెట్ ఇచ్చారు. రెండు నెలలకి మళ్లీ చూస్తే పెద్దగా తగ్గలేదు, డోసు పెంచారు, ఇంకో రెండు నెలలు, అయినా అంతంతే. రెండుసార్లు వెళ్లాం, రెండుసార్లూ రిపోర్టు చూసి రాసిచ్చారు గానీ "ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా" అని ఒక్క మాట అడగలేదు. మూడోసారి వేరే డాక్టరమ్మ అడిగింది. అమ్మ ఏం చేస్తోందంటే పొద్దున ఆరింటికి స్టీలు గ్లాసు నిండా చిక్కటి ఫిల్టర్ కాఫీ, ఆ కాఫీతోనే టాబ్లెట్, ఇంకో గుక్కతో క్యాల్షియం బిళ్ల. కాఫీతో పాటు వేసుకుంటే థైరాక్సిన్ పేగుల్లోంచి సరిగా ఎక్కదు, క్యాల్షియం, ఐరన్ అయితే దాన్ని పట్టేసుకుంటాయి. ఉత్త నీళ్లతో పరగడుపున వేసుకుని అరగంట, కుదిరితే గంట తర్వాత కాఫీ, క్యాల్షియం నాలుగు గంటల తర్వాత, అంతే మార్చాం. డోసు మళ్లీ తగ్గించాల్సి వచ్చింది.

వారానికే మళ్లీ టెస్ట్ చేయిస్తే ఉపయోగం లేదు. రక్తంలో థైరాక్సిన్ సగం అవ్వడానికే దాదాపు 7 రోజులు పడుతుంది, పైన పీయూష గ్రంథి ఆ కొత్త మట్టానికి అలవాటు పడాలి, అందుకే ఆరు వారాలైనా ఆగమంటారు. గ్రూప్ మెసేజ్ నెమ్మదిగా పనిచేస్తుందన్నా కదా, ఇది అందులోనూ నెమ్మది.

షుగర్ తగ్గితే చెమటలు, వణుకు ఎందుకు? షుగర్‌కీ చెమటకీ ఏం సంబంధం?

మంచి ప్రశ్న. తిన్నాక క్లోమం ఇన్సులిన్ వదులుతుంది, అది కండరాల్లోకి, కొవ్వులోకి చక్కెరని పంపుతుంది, కాలేయంలో దాచిపెట్టిస్తుంది. ఆకలేసినప్పుడు క్లోమందే ఇంకో హార్మోన్, గ్లూకగాన్, ఆ దాచిందాన్ని బయటికి తీయిస్తుంది. మామూలు మనిషి పెళ్లి భోజనం తిన్నా, ఏకాదశి ఉపవాసం ఉన్నా రక్తంలో చక్కెర ఒక హద్దు దాటకుండా ఉండేది ఈ ఇద్దరి లాగులాట వల్లే. షుగర్ టాబ్లెట్ వేసుకుని టిఫిన్ తినకుండా బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారనుకోండి, మందు పని మందు చేస్తుంది, చక్కెర 70 కంటే కిందికి పడుతుంది. మెదడు చక్కెర మీదే నడిచే మనిషి, దానికి కంగారు పుట్టి నరాల ద్వారా అడ్రినలిన్ వదిలిస్తుంది, కాలేయం నుంచి చక్కెర లాగడానికి. ఆ చెమట, వణుకు, గుండెదడ అంతా ఆ అలారం మోతే. బస్సు అడ్డమొచ్చినప్పటి మోతే ఇక్కడా మోగుతోంది. స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూసుకోవాలి. బీపీకి బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకి ఈ దడ, వణుకు సరిగా తెలీకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది, ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోండి.

టెన్షన్‌తో నిజంగానే షుగర్ పెరుగుతుందా?

పెరుగుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ (ఇదీ అడ్రినల్ గ్రంథి వదిలే హార్మోనే) రెండూ కాలేయం నుంచి చక్కెర బయటికి తీయించేవే. పులి వస్తే పరిగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటు, మేనేజర్ మెయిల్ వస్తే కుర్చీలోంచి లేచేది లేదు కదా.

బీరు తాగితే అన్నిసార్లు బాత్రూమ్‌కి ఎందుకు?

కిడ్నీకి "నీళ్లు వదలకు" అని చెప్పే హార్మోన్‌ని ఆల్కహాల్ అణిచేస్తుంది. మామూలుగా పోయేదానికంటే ఎక్కువ పోతుంది, పొద్దున్నే నాలుక పిడచకట్టేది అందుకే.

నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు పగలు ఎనిమిది గంటలు పడుకున్నా ఎందుకు తేలిగ్గా ఉండరు?

మా మరిది అమెరికా టైమింగ్స్‌లో చేస్తాడు, కర్టెన్లు మూసి పడుకున్నా లేచేసరికి మొహం వాచిపోయి ఉంటుంది. హైపోథాలమస్‌లో సుమారు 20,000 నాడీకణాల గుంపు ఒకటి ఒంటికి గడియారంలా నడుస్తుంది, కంటి నుంచి వచ్చే వెలుతురు కబురుతో టైమ్ సరిచేసుకుంటుంది. చీకటి పడితే నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ పెరగాలి, తెల్లారే వేళకి కార్టిసాల్ పెరగాలి. మావాడు పొద్దున ఏడింటికి క్యాబ్ దిగి ఎండలో నడిచి ఇంటికొస్తాడు, ఆ వెలుతురు గడియారానికి "లే లే" అంటుంది, అప్పుడు పడుకోబోతాడు. ఒళ్లు పడుకుంటుంది గానీ హార్మోన్లు పగటి డ్యూటీలోనే ఉంటాయి. క్యాబ్ దిగేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోమన్నా, నవ్వాడు, పెట్టుకున్నాడు, కొంచెం నయమే అంటున్నాడు.

స్టెరాయిడ్ టాబ్లెట్లు సడన్‌గా ఆపొద్దని ఎందుకంటారు?

మళ్లీ ట్యాంకు సెన్సరే. ఈ స్టెరాయిడ్ మన కార్టిసాల్ లాంటిదే, నెలల తరబడి బయటి నుంచి వస్తుంటే "ట్యాంకు నిండే ఉంది కదా" అని పీయూష గ్రంథి ఆర్డరివ్వడం మానేస్తుంది, అడ్రినల్ గ్రంథి పని మానేసి కుంచించుకుపోతుంది. ఒక్కసారిగా ఆపితే బయటిదీ లేదు, లోపలిదీ లేదు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టరు మెట్లు మెట్లుగా తగ్గిస్తారు. కీళ్లనొప్పులకి పేరు లేని పొట్లాలు ఇచ్చేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త, అట్లాంటి పొడుల్లో స్టెరాయిడ్ బయటపడిన సందర్భాలున్నాయి.

హార్మోన్లన్నీ ఇట్లా ఆపుకునే పద్ధతేనా?

కాదు, కాన్పు ఉల్టా. బిడ్డ తల కిందికి నొక్కితే ఆ కబురు నరాల గుండా మెదడుకి పోతుంది, ఆక్సిటోసిన్ వస్తుంది, గర్భసంచి ఇంకా గట్టిగా బిగుస్తుంది, తల ఇంకా నొక్కుతుంది, ఇంకా ఆక్సిటోసిన్. బిడ్డ బయటికొస్తేనే ఆ చక్రం ఆగేది. నెలనెలా అండం విడుదలయ్యే ముందు ఎల్‌హెచ్ అనే పీయూష గ్రంథి హార్మోన్ ఒక్కసారిగా పైకి ఎగిరేదీ ఇట్లాంటి పద్ధతే.

నరాల బలహీనతకి ఏ టానిక్ మంచిది?

నరాల బలహీనత అని జబ్బేమీ లేదు, ఆ పేరుతో అమ్మే సీసాలే ఉన్నాయి. అరికాళ్లు తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, చెప్పు జారిపోయినా తెలీకపోవడం, ఇవి మాత్రం నిజమైన నరాల సమస్యలు. మనవాళ్లలో ముందు చూడాల్సినవి రెండు, షుగర్, బీ12. బీ12 మాంసం, చేపలు, గుడ్లు, పాలలోనే దొరుకుతుంది, ఆకుకూరల్లో లేదు, తగ్గితే మైలిన్ తొడుగు పాడవుతుంది. షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకి బీ12 తగ్గే అవకాశం ఉంది, కాబట్టి తిమ్మిరంటే షుగర్ వల్లే అని వదిలేయకుండా ఆ టెస్ట్ కూడా అడగండి.

పిల్లలకి మెదడు నిజంగా చూపించొచ్చా?

బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రిలో బ్రెయిన్ మ్యూజియం ఉంది, మామూలు జనం కూడా చూడొచ్చు, ఏ రోజు ఏ టైమో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. పోయినేడు ఆరుగురు పిల్లల్ని తీసుకెళ్లా, వెంట ఒక పిల్లాడి అవ్వ కూడా వచ్చింది, మదనపల్లె ఆవిడ. గ్లవ్స్ వేసి చేతిలో పెడితే పిల్లలు "ఇంత బరువా" అన్నారు, సుమారు కేజీంపావు నుంచి కేజీన్నర మధ్యలో ఉంటుంది మనిషి మెదడు. అవ్వ మాత్రం దాన్ని కింది నుంచి తిప్పి తిప్పి చూసి, "ఆ శనగ్గింజ ఏడుందిరా, నా కోడలికి తంటా తెచ్చింది?" అని అడిగింది. మెదడు తీసేటప్పుడు అది పుర్రెలోని గుంతలోనే ఉండిపోతుందవ్వా అని చెప్తే, "అంతేలే, గొడవ పెట్టేది ఎప్పుడూ ముందే దాక్కుంటుంది" అంది.